అడవి ఉసిరి బలం ఎవరికి దక్కుతోంది?

కార్తీకమాసం వచ్చిందంటే సికింద్రాబాదు మోండా మార్కెట్లో ఉసిరికాయలు గుట్టలు గుట్టలుగా పోస్తారు. దీపాలు వెలిగించడానికి కొందరు, తొక్కు పెట్టుకోడానికి కొందరు కొనుక్కుపోతారు. నాలుగు నెలల్లో ఆ గుట్టలు కనపడకుండా పోతాయి. కాని అదే పట్నంలో మందుల దుకాణాల్లోనూ, పెద్ద పెద్ద సరుకుల షాపుల్లోనూ ఉసిరి ఏడాది పొడుగునా దొరుకుతూనే వుంటుంది. రసం సీసాల్లో, పొడి డబ్బాల్లో, మాత్రలు డబ్బీల్లో. వాటి మీద "యాంటీ ఆక్సిడెంట్" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసి వుంటుంది. ఆ ఒక్క మాటకే కాయ ధరకు ఎన్నో రెట్లు ధర పలుకుతుంది.

కొండెక్కి ఆ కాయ దులిపిన మనిషికి ఆ మాట తెలియదు. తెలిసినా ఆ ధరలో వాటా రాదు. ఇక ఆ కాయలోని సత్తువ ఎవరి ఒంటికి అందరికన్నా ఎక్కువ అవసరమో, నాట్లేసే, కలుపు తీసే, పత్తి ఏరే మన కూలి ఆడవాళ్లు, వాళ్ల కంచంలోకి అది రావడం లేదు.

కనుక మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఉసిరిలో నిజంగా ఏముంది? సీసా మీద రాసినదాంట్లో ఎంత నిజం, ఎంత వ్యాపారం? మన కూలి కుటుంబాలకు అది పనికొచ్చే దారేమిటి? సంఘం కార్యకర్తలు వీటికి జవాబు తెలుసుకోవాలి. ఎందుకంటే ఊళ్లల్లో "మీ ఒంట్లో రక్తం లేదక్కా, మా రసం తాగు" అని డబ్బాలు అమ్మేవాళ్లు ఇప్పుడు గడప గడపకూ వస్తున్నారు.

తార్నాకలో కొలిచిన లెక్క

మొదట ఏ ఉసిరి సంగతి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. నేల మీద పాకే నేల ఉసిరి వేరు. గుత్తులు గుత్తులుగా కాసే పుల్లటి చిన్న ఉసిరి వేరు. మనం చెప్పుకునేది అడవుల్లో, కొండ వాలుల్లో పెరిగే పెద్ద ఉసిరి. కరక్కాయ, తానికాయలతో కలిపి త్రిఫలం అనేది ఈ ఉసిరినే. ఇది మన దేశపు సొంత చెట్టు. నల్లమలలో వుంది, ఆదిలాబాదు అడవుల్లో వుంది, గోదావరి గట్టు మన్యంలో వుంది. ఎవరూ నీళ్లు పొయ్యక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు.

సికింద్రాబాదు నుంచి ఉస్మానియా యూనివర్సిటీకి పోయే దోవలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ వుంది. దాని కథ మన జనం తెలుసుకోవాల్సిన కథే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి రోగం మీద ఒకే ఒక్క గదిలో పరిశోధన మొదలుపెట్టాడు. మర బియ్యం తప్ప ఇంకో తిండి లేని కోస్తా జిల్లాల పేదలను అప్పట్లో ఆ రోగం పట్టి పీడించేది. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. జొన్న గటక మీదే బతికే దక్కను కూలి జనానికి మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పగిలిపోయే పెల్లాగ్రా రోగం వస్తుండేది. దాని మీద గోపాలన్, శ్రీకంఠయ్య అనే శాస్త్రజ్ఞులు 1960లో రాసింది కూడా ఇక్కడి రోగులను చూసే. అంటే ఈ శాస్త్రం పేదవాడి కంచం చూసి నేర్చుకున్న శాస్త్రం. దాని ఫలితం పేదవాడికి దక్కాలని అడిగే హక్కు మనకుంది.

ఈ సంస్థ మన దేశపు తిండి పదార్థాల్లో ఏ పోషకం ఎంతుందో కొలిచి పట్టికలు వేస్తుంది. 1971లో వేసిన పుస్తకంలో 100 గ్రాముల ఉసిరి గుజ్జులో 600 మిల్లీగ్రాముల సి విటమిన్ వుందని రాశారు. 2017లో దేశం నలుమూలల నుంచీ నమూనాలు తెచ్చి, 528 రకాల పదార్థాలను కొత్త పద్ధతుల్లో కొలిచి కొత్త పట్టిక వేశారు. అందులో ఉసిరికి వచ్చింది 252 మిల్లీగ్రాములు. చెట్టును బట్టి, నేలను బట్టి, కాయ ముదురును బట్టి ఈ అంకె మారుతుంది. కొలిచే పద్ధతులూ మారాయి. కాని వ్యాపారస్తులు మాత్రం ఇప్పటికీ పాత 600 అంకెనే పట్టుకుని ఊరేగుతున్నారు.

తగ్గిన అంకె చూసి ఉసిరిని చిన్నచూపు చూడనక్కర లేదు. 252 కూడా పెద్ద అంకే. నారింజకంటే అయిదారు రెట్లు ఎక్కువ. 2020లో ఇదే సంస్థ చెప్పిన లెక్క ప్రకారం రోజుకు మగవాడికి 80, ఆడమనిషికి 65 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలి. గింజ తీసిన గుజ్జు 30 గ్రాములుంటే 75 మిల్లీగ్రాములు దొరుకుతుంది. తోటలో పండించిన పెద్ద కాయ ఒక్కటి, అడవిలోని చిన్న కాయలు రెండో మూడో తింటే ఆ పూటకు సరి. అంతకంటే ఎక్కువ తిన్నది ఒంట్లో దాగదు, మూత్రంలో పోతుంది. లీటర్ల కొద్దీ రసం తాగమనేవాడు తన సరుకు అమ్ముకోడానికే చెప్తున్నాడు.

నావికుల రోగం, హిస్సార్ కరువు

సి విటమిన్ లేకపోతే ఏమవుతుందో లోకం ముందుగా ఓడల మీద చూసింది. నెలల తరబడి సముద్రంలో ఎండు రొట్టె, ఉప్పు మాంసం తిని బతికే నావికులకు చిగుళ్ల వెంట నెత్తురు కారేది, పళ్లు ఊడేవి, పాత గాయాలు మళ్లీ తెరుచుకునేవి, చివరికి చచ్చిపోయేవాళ్లు. దాన్ని స్కర్వీ అన్నారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు 12 మంది రోగులను జంటలు జంటలుగా విడదీసి తలా ఒక రకం మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట వారం తిరగకముందే లేచి తిరిగింది. అయినా బ్రిటిషు నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా, అంటే దాదాపు 50 ఏళ్లు పట్టింది. మందు తెలియడం వేరు, అది కింది మనిషి నోటిదాకా రావడం వేరు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

మన దేశంలో ఇదే సంగతి కరువులో తేలింది. 1939-40లో అప్పటి పంజాబులోని హిస్సార్ జిల్లాలో కరువు పడింది. ఇప్పుడది హర్యానాలో వుంది. పచ్చని ఆకు దొరకని ఆ జనానికి స్కర్వీ వచ్చింది. ఎండు ఉసిరి పొడి ఇస్తే వాళ్లకు నయమైంది. పరాయి దేశపు మాత్ర కాదు, పేదవాడి అడవి కాయ ఆ జనాన్ని నిలబెట్టింది.

ఎండిన కాయకు అంత సత్తువ ఎట్లా మిగిలింది? సి విటమిన్ చాలా సుకుమారమైనది. ఎండకు, వేడికి, గాలికి తొందరగా చెడిపోతుంది. ఆకుకూరను గంటసేపు ఉడికిస్తే దాంట్లోది చాలా భాగం పోతుంది. ఉసిరిలో మాత్రం అది కొంత మెరుగ్గా నిలుస్తుంది. ఎందుకు నిలుస్తుందో 1936లో మద్రాసులో దామోదరన్, నాయర్ అనే శాస్త్రజ్ఞులు పరిశోధించారు. ఉసిరిలోని వగరు పదార్థమే సి విటమిన్‌కు కాపలా కాస్తుందని వాళ్లు తేల్చారు. మనం మొహం చిట్లించుకుని తినే ఆ వగరుకు అంత పని వుంది. అట్లాగని ఎండబెడితే ఏమీ పోదనుకోవద్దు. పచ్చి కాయలో వున్నంత ఎండు పెచ్చులో వుండదు, కాని కరువు రోజుకు పనికొచ్చేంత వుంటుంది.

యాంటీ ఆక్సిడెంట్ అంటే ఏమిటి?

ఇప్పుడు ఆ పెద్ద మాట సంగతి చూద్దాం. కొడవలిని వానలో వదిలేస్తే తుప్పు పడుతుంది. కోసిన వంకాయ ముక్కలు గాలికి పెడితే నల్లబడతాయి. రెండింట్లోనూ గాలిలోని ప్రాణవాయువు వస్తువుతో కలిసి దాన్ని మారుస్తున్నది. మన ఒంట్లో కూడా ఇలాంటి మార్పు జరుగుతూనే వుంటుంది. ఊపిరి పీల్చి, తిండి కాల్చి, శక్తి పుట్టించే క్రమంలో కొన్ని నిలకడ లేని అణువులు తయారవుతాయి. అవి చుట్టుపక్కల కణాలను గీకుతాయి. పొగ తాగినా, పురుగు మందుల మధ్య పని చేసినా, పొయ్యి పొగ పీల్చినా అవి ఇంకా పెరుగుతాయి. వాటిని అడ్డుకుని, తాము మార్పు చెంది కణాన్ని కాపాడే పదార్థాలనే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. కోసిన వంకాయ ముక్కల మీద నిమ్మరసం పిండితే నలుపు తగ్గినట్టు అన్నమాట.

ఒంట్లో ఇలాంటివి కొన్ని తమంతట తాము తయారవుతాయి. కొన్ని తిండి ద్వారా వస్తాయి. సి విటమిన్ అలాంటిదే, ఉసిరిలోని వగరు పదార్థాలూ అలాంటివే, నేరేడు పండుకు నాలుక ఊదారంగు చేసే పదార్థమూ అలాంటిదే. కాబట్టి ఉసిరిలో యాంటీ ఆక్సిడెంట్లు వున్నాయన్నది అబద్ధం కాదు. అబద్ధం ఆ తరువాత మొదలవుతుంది. గాజు గొట్టంలో చేసిన పని ఒంట్లో కూడా అట్లాగే చేస్తుందని, ఎంత ఎక్కువ మింగితే అంత ఆయుష్షు అని, కాన్సరు రాదని, షుగరు పోతుందని చెప్పడం దగ్గర.

దీనికి రెండు ఉదాహరణలు చాలు. ఫిన్లాండు దేశంలో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద ఏళ్ల తరబడి ఒక పరీక్ష చేశారు. క్యారెట్లో వుండే బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంటును మాత్రలుగా ఇచ్చారు. ఊపిరితిత్తుల కాన్సరు తగ్గుతుందని ఆశించారు. 1994లో ఫలితాలు చూస్తే, ఆ మాత్రలు మింగినవాళ్లలో కాన్సరు నూటికి 18 వంతులు ఎక్కువగా వచ్చింది. పండులో, కూరలో నాలుగు పదార్థాలతో కలిసి వచ్చేది ఒకటి, దాన్ని పీకి మాత్రగా చేసి మింగించేది ఇంకొకటి.

రెండోది అమెరికా వ్యవసాయ శాఖ సంగతి. ఏ పండులో యాంటీ ఆక్సిడెంటు శక్తి ఎంతుందో గాజు గొట్టంలో కొలిచి ఆ శాఖ ఒక పట్టిక పెట్టింది. కంపెనీలు ఆ అంకెలను పట్టుకుని మా రసం గొప్పదంటే మా రసం గొప్పదని ప్రకటనలు గుప్పించాయి. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ నేరుగా సంబంధం లేదనీ, కంపెనీలు వాటిని దుర్వినియోగం చేస్తున్నాయనీ చెప్పి 2012లో ఆ శాఖే ఆ పట్టికను ఎత్తేసింది. అమెరికాలో ఎత్తేసినా ఆ రకం ప్రచారం మన బజారులో మాత్రం జోరుగా సాగుతోంది.

కూలి ఆడవాళ్ల రక్తం సంగతి

అయితే మనకు ఉసిరి దేనికి పనికొస్తుంది? నిత్య యవ్వనానికి కాదు, రక్తానికి.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత వున్నవాళ్లు తెలంగాణలో నూటికి 57.6 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 మంది. అయిదేళ్ల లోపు పిల్లల్లో తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రలో 63 మంది. ఇవి అన్ని తరగతులూ కలిపిన లెక్కలు. రోజూ ఎండలో వంగి పనిచేసే కూలి ఇళ్లల్లో సంగతేమిటో కార్యకర్తలకు చెప్పక్కర్లేదు. కళ్లు తిరుగుతాయి, దమ్ము వస్తుంది, నాటు వేస్తూ నడుం పట్టుకుని గట్టు మీద కూలబడతారు. మేస్త్రీ దాన్ని బద్ధకం అంటాడు.

అది బద్ధకం కాదని శాస్త్రం ఎప్పుడో రుజువు చేసింది. 1979లో రెండు పరిశోధనలు అచ్చయ్యాయి. ఒకటి ఇండోనేషియా రబ్బరు తోటల్లో జరిగింది. రక్తం తక్కువగా వున్న కార్మికులకు రెండు నెలల పాటు ఐరన్ గోలీలు ఇస్తే, వాళ్లు తీసే రబ్బరు పాలు పెరిగి ఆరోగ్యంగా వున్నవాళ్లతో సమానమయ్యాయి. రెండోది శ్రీలంక తేయాకు తోటల్లో జరిగింది. గోలీలు తీసుకున్న ఆడవాళ్లు ఎక్కువ ఆకు కోశారు. అంటే రక్తహీనత కార్మికుడి కూలిని కూడా తినేస్తున్నది. ఇవ్వాళ మన దగ్గర నాటు, పత్తి ఏరడం, మిర్చి కోత అన్నీ గుత్త పనులూ, కిలోల లెక్కా అయిపోయాయి. ఒంట్లో రక్తం లేని తల్లి రోజంతా ఏరినా తక్కువ కిలోలే తూగుతాయి, తక్కువ కూలే వస్తుంది. తక్కువ కూలితో తక్కువ తిండి, ఆ తిండితో ఇంకా తక్కువ రక్తం. ఈ చక్రం మధ్యలో ఎక్కడో ఒకచోట అడ్డుకట్ట వెయ్యాలి.

రక్తానికి ముఖ్యంగా కావాల్సింది ఇనుము. రోజుకు ఆడమనిషికి 29, మగవాడికి 19 మిల్లీగ్రాములు కావాలని 2020 లెక్క. మాంసం దండిగా తినేవాడికి ఇబ్బంది లేదు. మనం తినే బియ్యం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం. నూటికి పది వంతులు కూడా చాలాసార్లు పట్టదు. కడుపులోకి పోయినది పోయినట్టే బయటికి వస్తుంది. అక్కడే సి విటమిన్ పని మొదలవుతుంది. అది ఆ ఇనుమును తేలిగ్గా కరిగే రూపంలోకి మారుస్తుంది. పేగు దాన్ని లోపలికి తీసుకోగలుగుతుంది. కాని ఒక షరతు వుంది. రెండూ ఒకే పూట, ఒకే కంచంలో పడాలి. పొద్దున ఉసిరి తిని రాత్రి తోటకూర తింటే లాభం లేదు.

దీన్ని తార్నాక సంస్థ శాస్త్రజ్ఞులే జామపండుతో పరీక్షించి 2013లో ప్రకటించారు. ఎదిగే వయసు పిల్లలకు మామూలు అన్నం భోజనంతో పాటు జామపండు పెడితే, ఆ భోజనంలోని ఇనుము సుమారు రెండింతలు ఒంటికి పట్టింది. తిండి మారలేదు. పక్కన ఒక పండు చేరింది, అంతే. జామలో సి విటమిన్ ఉసిరికి దగ్గరగా, 200 మిల్లీగ్రాములకు పైనే వుంటుంది. ఉసిరిలో వగరు ఎక్కువ, వగరుకు ఇనుమును పట్టి వుంచే గుణం కూడా వుంది కనుక జామ లెక్కను అచ్చంగా ఉసిరికి అంటగట్టకూడదు. కాని సి విటమిన్ ఇంత దండిగా వున్న కాయ, జామ దొరకనిచోట కూడా అడవి అంచు పల్లెల్లో దొరికే కాయ ఇది.

ఇంకో సంగతి. అన్నం తిన్న వెంటనే తాగే చాయ ఇనుముకు శత్రువు. చాయలోని వగరు ఇనుమును పట్టేస్తుంది. ఆకలి చంపుకోడానికి సద్దితో పాటే చాయ తాగడం మన కూలి జనానికి అలవాటైంది. దాన్ని గంటన్నర, రెండు గంటలు వెనక్కి జరపాలి.

ఇంట్లో, పనికాడ చెయ్యాల్సింది

సీజనులో పచ్చి ఉసిరి ఒకటో రెండో దంచి, చిటికెడు ఉప్పు, పచ్చిమిర్చి కలిపి పప్పులోనో, ఆకుకూరతోనో నంజుకోవాలి. ఆఖర్న కలుపుకోవాలి గాని కూరతో పాటు ఉడికించకూడదు. సద్ది మూటలో ఒక కాయ కట్టుకుపోతే పనికాడ తినొచ్చు. తిన్నాక నీళ్లు తాగితే తియ్యగా వుంటుందని పిల్లలకు చెప్పక్కర్లేదు, వాళ్లకే తెలుసు.

ఉసిరి తొక్కు మంచిదే. కాని నిలవ తొక్కులో ఉప్పు ఎక్కువ, నెలలు గడిచేకొద్దీ సి విటమిన్ తగ్గుతుంది. బీపీ వున్న పెద్దవాళ్లు తొక్కు మీద ఆధారపడకూడదు. ఉసిరి లేని నెలల్లో జామ, నిమ్మకాయ వున్నాయి. పులుసన్నం ముద్ద మీద అర నిమ్మచెక్క పిండుకున్నా ఆ పనే జరుగుతుంది.

ఐరన్ గోలీలు తీసుకునే గర్భిణులు, బాలింతలు వాటిని చాయతో మింగొద్దు. ఉసిరితో పాటో, నిమ్మకాయ నీళ్లతోనో మింగాలి. ఉసిరి తింటున్నాం కదా అని గోలీలు మానొద్దు. షుగరు, బీపీ మందులు అసలే మానొద్దు. ఉసిరిలో ఇనుము చాలా తక్కువ. వేరే తిండిలోని ఇనుముకు తలుపు తీసే తాళం చెవి అది. ఇంట్లో సరుకే లేనప్పుడు తాళం చెవి ఒక్కటే ఏం చేస్తుంది? పప్పు, ఆకుకూర, గుడ్డు కొనేంత కూలి రావాలి. రక్తహీనతకు ఇనుము కొరతే కాక వేరే కారణాలూ వున్నాయి. చెప్పుల్లేని కాళ్ల నుంచి ఒంట్లోకి దూరే కొంకి పురుగులు, మలేరియా, వెంట వెంట కాన్పులు. వాటికి దవాఖానా కావాలి, మరుగుదొడ్డి కావాలి, విశ్రాంతి కావాలి. ఇవన్నీ పక్కకు పెట్టి ఒక్క కాయతో రోగం పోతుందనేవాడు ఎవడైనా సరే, వాడు పేదవాడి పక్షం కాదు.

చెట్టు ఎవరిది?

ఒకప్పుడు ఊరి గైరాన్‌లో, బంచరాయిలో, చెరువు శిఖం అంచున రేగు, నేరేడు, ఈత, సీతాఫలం, అక్కడక్కడ ఉసిరి వుండేవి. కూలి పిల్లలకు అవే పండ్ల దుకాణాలు. పైసా పెట్టకుండా తినేవాళ్లు. ఇవ్వాళ సికింద్రాబాదు నుంచి శామీర్‌పేట దిక్కు పోయినా, మేడ్చల్ దిక్కు పోయినా, ఘట్‌కేసర్ దిక్కు పోయినా కనపడేది ప్లాట్ల రాళ్లు. దూరపు పల్లెల్లో పొలం గట్ల మీది రేగు పొదలు ట్రాక్టరుకు అడ్డమని పోయాయి. చేలో మొలిచే గంగవాయిలి, పొన్నగంటి గడ్డి మందుకు మాడిపోయాయి. రేషను బియ్యం కడుపు నింపింది, అది పోరాడి సాధించుకున్నదే. కాని బియ్యం పక్కన నంజుకునే ఆకూ, కాయా ఊరి ఉమ్మడి భూమితో పాటే పోయాయి. ఇప్పుడు వాటినే సీసాలో పోసి మనకు అమ్ముతున్నారు.

అడవిలో సంగతి వేరే. అక్కడ చెట్టు వుంది, హక్కు కాగితం మీద వుంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభలకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులను సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు అడవిని నమ్ముకుని బతికేవాళ్లకు ఇచ్చింది. 2012లో చేసిన నియమాల సవరణతో సరుకు తరలించడానికి అనుమతి పత్రం ఇచ్చే అధికారం గ్రామసభ ఎన్నుకున్న కమిటీకి వచ్చింది. అంటే ఉసిరి మూట నెత్తిన పెట్టుకుని పోయే చెంచు తల్లిని దారిలో ఆపి ఎవరూ మామూళ్లు అడగడానికి వీల్లేదు. చట్టం ఇట్లా చెప్తుందని ఆ తల్లికి తెలియాలి, ఆపేవాడికి కూడా తెలియాలి.

పొరుగు రాష్ట్రం కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగ ఆదివాసులు వున్నారు. తేనె, ఉసిరి వాళ్ల బతుకుదెరువు. ఆ అడవి అభయారణ్యమని చెప్పి 2006 తర్వాత వాళ్ల సేకరణను ఆపేశారు. వాళ్లు సంఘం కట్టి అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తులు పెట్టారు. 2011లో సామూహిక హక్కు పత్రాలు సాధించుకున్నారు. పులుల అడవిలో కూడా హక్కు సాధ్యమేనని వాళ్లు నిరూపించారు. మన అమ్రాబాదు చెంచులకు ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత మనది.

ధర సంగతి కూడా చూడాలి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థను పెట్టింది దళారుల నుంచి గిరిజనులను కాపాడటానికి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే సంస్థ ఏర్పడింది. గింజ తీసి ఎండబెట్టిన ఉసిరికపప్పు ఆ సంస్థలు కొనే సరుకుల్లో ఒకటి. 2013లో కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకం పెట్టింది. తర్వాత ఆ జాబితాలో ఎండు ఉసిరి కూడా చేరింది. కాని జాబితాలో ధర వుంటే సరిపోదు. సంతలో తూకం వేసే రోజున కొనేవాడు రావాలి, డబ్బు వెంటనే చేతిలో పడాలి. అప్పు ఇచ్చిన షావుకారు కాయ పిందె మీద వుండగానే బేరం చేసుకుపోతే మద్దతు ధర ఎవరికి మద్దతు?

సంఘం పెట్టుకోవాల్సిన పనులు

ఒకటి. ఈ ఉసిరి సీజనులోనే ప్రతి గ్రామశాఖలో కూలి ఆడవాళ్ల సమావేశం పెట్టి రక్తహీనత సంగతి, చాయ సంగతి, ఉసిరి, జామ, నిమ్మ సంగతి అర్థమయ్యేట్టు చెప్పాలి. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను పిలిచి అక్కడే రక్తపరీక్ష చేయించాలి. ఐరన్ గోలీలు ఎవరికి అందలేదో పేర్లు రాసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి.

రెండు. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి భోజనంలో అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెట్టారు. ఆ భోజనం పక్కన ఒక ఉసిరికాయో, జామపండో, నిమ్మచెక్కో పెట్టాలని డిమాండు చెయ్యాలి. హాస్టళ్లలో, బడి మధ్యాహ్న భోజనంలో కూడా అంతే. ఆ కాయలు టెండరు కాంట్రాక్టరు దగ్గర కాదు, అడవి గ్రామాల మహిళా సంఘాల దగ్గర కొనాలి. కూలి తల్లికి రక్తం, గిరిజన తల్లికి ధర, రెండూ ఒకే డిమాండులో వున్నాయి.

మూడు. తెలంగాణలో 2015 నుంచి హరితహారం పేరుతో కోట్ల మొక్కలు నాటారు. ఉపాధి పనుల్లో గుంతలు తవ్వింది మన కూలీలే, నీళ్లు పోసింది మన కూలీలే. ఊరి ఉమ్మడి స్థలాల్లో ఉసిరి, నేరేడు, రేగు, జామ నాటించాలి. ఆ కాయల మీద హక్కు భూమి లేని కుటుంబాలకు ఇస్తూ గ్రామసభ తీర్మానం చేయించాలి. వేలం పాట పెట్టనివ్వకూడదు. ఉసిరి కాపుకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది కనుక ఈ వానాకాలమే మొదలుపెట్టాలి.

నాలుగు. అడవి ప్రాంతాల్లో సామూహిక హక్కుల దరఖాస్తులు ఎక్కడ ఆగిపోయాయో తెలుసుకుని గ్రామసభల ద్వారా మళ్లీ కదిలించాలి. సంతల్లో ఉసిరికపప్పు తూకాల దగ్గర మన కార్యకర్త నిలబడాలి. కొమ్మలు నరికి కాయ దులిపితే మరుసటి ఏడు కాయ వుండదని సేకరించేవాళ్లకు మనమే చెప్పాలి. చెట్టు వుంటేనే హక్కుకు విలువ.

అయిదు. గుత్త కూలి రేట్లు అడిగేటప్పుడు ఈ లెక్కలను కూడా బేరంలోకి తేవాలి. రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము దొరికే తిండికి ఎంత కూలి కావాలో మనమే లెక్క కట్టి ఆసామి ముందు పెట్టాలి.

ఈ ఏడు ఉసిరి అమావాస్యకో పున్నానికో దీపానికి వాడి పారేసేది కాకుండా, కూలి ఇళ్లల్లో అన్నం కంచంలోకి రావాలి. దానికి ముందు మీ ఊళ్లో ఎన్ని ఉసిరి చెట్లున్నాయి, అవి ఎవరి చేతిలో వున్నాయి, ఎంతమంది ఆడవాళ్లకు ఐరన్ గోలీలు అందుతున్నాయి అన్న మూడు లెక్కలు రాసుకుని వచ్చే మండల సమావేశానికి రండి. అక్కడినుంచి పని మొదలుపెడదాం.